అక్కవాళ్ళ ఒడ్డు

మా చెరువుకు తూర్పు ఒడ్డున మా అపార్ట్‌మెంటు, పడమటి ఒడ్డున మా అక్కవాళ్ళ ఇల్లు. నీళ్ళ మీదుగా చూస్తే ఎదురెదురే. రోడ్డు పట్టుకుని పోతే మాత్రం నాచారం మెయిన్ రోడ్డు ఎక్కి, ఫ్యాక్టరీ గోడల వెంట తిరిగి, ఇరవై ఐదు నిమిషాల నడక. రెండేళ్ళ పాటు ఆ నడక నేను నడవలేదు. ఆ రెండేళ్ళూ అక్క నాతో మాట్లాడలేదు, నేను అక్కతో మాట్లాడలేదు.

తప్పు నాదే. ఇప్పుడింత సులువుగా రాస్తున్నాను గాని, అప్పట్లో ఈ మాట ఎవరైనా అంటే కొట్టినంత పని చేసేదాన్ని.

మా అమ్మాయి పెళ్ళికి పదిహేను రోజులే గడువు దొరికింది. ఆఫీసు నుంచి రాగానే హ్యాండ్‌బ్యాగులో కుంకుమ భరిణె, శుభలేఖల కట్ట పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఒకరోజు లాలాపేట్, ఒకరోజు రామంతాపూర్, ఒకరోజు హబ్సిగూడ. ఒక సాయంత్రం అక్కవాళ్ళ సందులోకే వెళ్ళాను. అక్క ఇంటికి రెండిళ్ళ అవతల మా ఆఫీసులో పనిచేసిన ఒకావిడ ఉంటుంది. ఆవిడకు బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, అప్పటికే చీకటి పడుతోందని, ఉప్పల్‌లో ఇంకా మూడిళ్ళు మిగిలాయని ఆటో ఎక్కేశాను. అక్క సొంత మనిషి, సొంత మనిషికి పిలుపేమిటి అనుకున్నాను. ఇంటికొచ్చాక వాట్సాప్‌లో శుభలేఖ పంపి, డిజైన్ ఎట్లున్నదో చెప్పమన్నాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

మన ఇళ్ళల్లో తోబుట్టువును గడప దాకా వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. దేవుడి తర్వాత మొదటి కార్డు వాళ్ళదే. పిలవని పెళ్ళికి రాకపోవడమే మర్యాద. ఇదంతా తెలియని దాన్నేం కాదు. యాభై ఏడేళ్ళ మనిషిని. తెలిసీ చేశాను కాబట్టే అది తప్పయింది.

ఉప్పల్ ఫంక్షన్ హాలుకు బావ ఒక్కడే వచ్చాడు. అక్షింతలు వేసి, నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"గా రోజు మీ అక్క బట్టలు తియ్యనీకి మేడ మీదికి వోయిందమ్మా. నువ్వు గా ఇంట్లకెల్లి ఎల్లి ఆటో ఎక్కంగ సూసింది."

అంతే. భోజనం చేసి వెళ్ళిపోయాడు. నాకు ఆ క్షణం సిగ్గు వేయాలి. కోపం వచ్చింది. నా ఒక్కగానొక్క బిడ్డ పెళ్ళికి రాని అక్క ఏం అక్క అని మంటపం మీదే పళ్ళు నూరుకున్నాను. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వంశం మాది. అక్క ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

రిటైరయ్యాక నాకు పొద్దు గడవక, అమ్మాయి వదిలేసి వెళ్ళిన కెమెరా చేతికెత్తుకున్నాను. తను మోజుపడి కొనుక్కుని, రెండు ఆదివారాలు తిప్పి అటక మీద పారేసిన వస్తువు. నేను పుస్తకం చదివినట్టు దాని మీటలు ఒక్కొక్కటీ చదివాను. కట్ట మీద పొద్దున నడిచే మా గుంపుకు ఈ సంగతి తెలిసింది. ఆ గుంపుకు పెద్ద ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, గుంటూరు వైపు ఆయన. చెరువు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాలని ఆయన పట్టుదల. ఇంత అందమైన చెరువులో చెత్త వేయడానికి చేతులెలా వస్తాయో చూద్దామంటారు.

"మూడు ఫోటోలుండాలండి మేడం. సూర్యాస్తమయం, వెన్నెల, సూర్యోదయం. మూడూ మీరే తీయాలి."

నేను పొంగిపోయి సరే అన్నాను. అందులో ఉన్న మెలిక అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

సూర్యాస్తమయం తేలిగ్గానే దొరికింది. మా ఐదో అంతస్తు పైన మేడ మీద నిలబడితే చెరువంతా కాళ్ళ కింద ఉంటుంది. గుర్రపుడెక్క తీసేసిన చోట నీళ్ళు పళ్ళెంలా ఉన్నాయి. మురుగునాలా వాసన ఫోటోలోకి రాదు కదా, అదొక సుఖం. తెల్లకొంగలు వరసగా ఇళ్ళకు పోతున్నాయి. సూర్యుడు ఎర్రగా, బద్ధకంగా దిగి, సరిగ్గా ఒక నీలం నీళ్ళ ట్యాంకు పక్కన మునిగాడు. లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే ఆ ట్యాంకు అక్కవాళ్ళది. నా బుద్ధి చూడండి. ఫోటో పైభాగంలో ఇళ్ళ వరసంతా కత్తిరించి, నీళ్ళు, కొంగలు, ఎర్రటి వెలుగు మాత్రం ఉంచి మేనేజరు గారికి పంపాను.

ఆయన ఫోన్ చేశారు. "బాగుంది గానీ మేడం, ఇళ్ళు లేకపోతే ఇది మన చెరువని ఎవరు నమ్ముతారండి? నెట్‌లోంచి దించామంటారు."

తల వంచుకుని ట్యాంకుతో సహా అసలు ఫోటో పంపాను.

వెన్నెల ఫోటోకు పున్నమి దాకా ఆగాను. స్టాండు బిగించి, కెమెరా పెట్టుకుని పడమటి వైపు చూస్తూ నిలబడ్డాను. చంద్రుడు రాడే! చివరికి మా ఆయన పైకొచ్చి పగలబడి నవ్వాడు.

"పున్నమి చంద్రుడు తూర్పుకు లేస్తడే. ఎన్కకు తిరిగి సూడు, నీ నెత్తి మీదున్నడు."

లెక్క వేసుకుంటే తెలిసింది, నాకు కావలసింది పున్నమి కాదు, సగం చంద్రుడు. శుక్లపక్షం అష్టమి నాడు తొమ్మిది దాటాక పడమటికి వాలి చెరువు మీద ఉంటాడు. అష్టమి అనగానే మా ఆయన మొహం ముడుచుకున్నాడు.

"అష్టమి నాడు ఎవలన్న మంచి పని వెట్టుకుంటరా?"

"చంద్రునికి చెప్పండి ఆ ముచ్చట" అన్నాను.

మూడు వారాలు ఆగి, అష్టమి రాత్రి ఫోటో తీశాను. చీకట్లో కెమెరా కన్ను పదిహేను సెకన్లు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఊపిరి బిగబట్టాను, నా ఊపిరికి స్టాండు కదులుతుందన్నట్టు. ఫోటో బాగా వచ్చింది. నీళ్ళ మీద వెన్నెల దారి పరుచుకుంది. అవతలి ఒడ్డు దాకా ఆ దారి తిన్నగా ఉంది. కాని ఒడ్డున, నీలం ట్యాంకు పక్కన, ఒక సన్నటి తెల్లటి గీత. మరకేమో అనుకుని పెద్దది చేశాను. గీత కాస్త వంకరగా, ఒక చోట కొంచెం పైకి లేచి ఉంది. పదిహేను సెకన్లలో ఎవరో సెల్‌ఫోన్ లైటు పట్టుకుని మేడ మీద ఈ మూల నుంచి ఆ మూలకు నడిచారు.

అక్కకు షుగరు. రాత్రి భోజనమయ్యాక అరగంట నడవమని డాక్టరు చెప్పిన నాడు పక్కన ఉన్నది నేనే. ఆ గీత మా అక్క.

రెండేళ్ళలో అక్కను చూడటం అదే మొదటిసారి, చూసింది ఒక గీతను. చాలా ఏడ్చాను. మా ఆయన లోపల్నుంచి ఏమైందని అడిగితే కళ్ళు మండుతున్నాయన్నాను.

ఇక మిగిలింది సూర్యోదయం. మెలిక అంతా అందులోనే. సూర్యుడు మా బిల్డింగు వెనకాల పుడతాడు. నీళ్ళ మీద పొద్దుపొడుపు కావాలంటే పడమటి ఒడ్డుకు వెళ్ళి తూర్పుకు తిరగాలి. ఈ ముక్క తెలిసి కూడా పది రోజులు సాగదీశాను. మబ్బులన్నాను, మోకాలన్నాను. మేనేజరు గారు వేరేవాళ్ళను అడుగుతామన్నారు. అడగనిస్తే పీడా పోయేది. కాని వద్దన్నాను. ఆ ఒడ్డుకు వెళ్ళడానికి నాకు ఇంకే వంకా దొరకదని లోపల తెలుసు.

ఒక తెల్లవారుజామున ఐదింటికి స్టాండు భుజాన వేసుకుని బయలుదేరాను. నైట్ షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. అక్కవాళ్ళ సందు చివర చెరువు కనిపిస్తుందనుకున్నాను. అక్కడ రేకులు అడ్డం పెట్టేశారు. రేకుల మీదుగా తుమ్మచెట్ల తలలు తప్ప ఏమీ కనబడలేదు. వెనక్కి తిరిగేసరికి అక్క గేటు ముందు నీళ్ళు చల్లి, వంగి చుక్కలు పెడుతోంది. జుట్టు బాగా నెరిసింది. చూసి కూడా చూడనట్టు చుక్కలు లెక్కపెట్టుకుంటోంది.

నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "అక్కా" అన్నాను.

"ఎవలింటికొచ్చినవ్?"

"మీ ఇంటికే."

"మా సందుల మస్తు ఇండ్లున్నయి గదా." చుక్కల్ని కలుపుతూనే అంది. "భుజం మీద గదేంది?"

"కెమెరా స్టాండు. మీ మేడ మీదికెల్లి పొద్దు పొడుస్తుంటే ఫోటో తియ్యాలె."

అక్క నిటారుగా లేచింది. ముగ్గు గిన్నె చేతిలోనే ఉంది. "ఫోటో కొరకు వచ్చినవా, నా కొరకు వచ్చినవా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "నీ కొరకు రానీకి మొకం చెల్లక, ఫోటో పేరు చెప్పుకొని వచ్చిన."

పాలవాడి బండి మా పక్కనుంచి పోయింది. మిగిలిన నాలుగు గీతలూ గీసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, గేటు తీసింది.

"ముగ్గు తొక్కకుంట రా" అంది.

మేడ మీదికి వెళ్ళి స్టాండు నిలబెట్టాను. తూర్పున మా అపార్ట్‌మెంటు చెరువు మీద నల్లగా, పెద్దగా నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు ఇటునుంచి ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. దూరపు కొండలు నునుపంటారు, మా బిల్డింగు కూడా అక్కణ్ణుంచి అందంగానే ఉంది. దాని వెనక ఆకాశం గులాబీ రంగుకు తిరుగుతోంది. ఇంకో రెండు నిమిషాలు. కెమెరా సరిచేస్తున్నాను. అక్క నా వెనక పిట్టగోడకు ఆనుకుని నిలబడింది.

"ఐదో అంతస్తుల, ఎడమ దిక్కుది మీ వంటిల్లు గదా" అంది.

"అవునక్కా."

"రోజు ఐదింటికి లైటు వెలుగుతది. వెలిగిందంటే నువ్వు లేసినవ్, బాగున్నవ్ అనుకుంట." కొంగు భుజాన సర్దుకుంది. "పోయిన వానకాలం నాలుగొద్దులు వెలగలే. యాడికి వోయినవ్?"

నా చెయ్యి మీట మీద ఆగిపోయింది. "డెంగీ జ్వరమొచ్చింది. దవాఖానల ఉన్న."

"నాకెవలు చెప్పాలె?" అక్క పిట్టగోడ మీద అరచేత్తో కొట్టింది. "మూడో దినం మీ బావను మీ వాచ్‌మెన్ తానకు తోలిచ్చిన. జరమే, నయమైతుందన్నడంట. నాలుగొద్దులు ఈడనే, ఈ గోడ కాడనే నిలవడ్డనే. ఫోన్ చేతుల వట్టుకొని నిలవడ్డ. నీ పేరు దాంక వచ్చి ఆగిపోయిన."

సూర్యుడు మా బిల్డింగు పక్కనుంచి అంచు చూపించాడు. నీళ్ళ మీద ఎర్రటి వెలుగు ఆ ఒడ్డు నుంచి మా వైపుకు పాక్కుంటూ వచ్చేసింది. ఇన్ని వారాలు ఎదురుచూసిన ఫోటో అదే. దానికి వీపు పెట్టి అక్క వైపు తిరిగాను.

"తప్పు నాదే అక్కా. గా రోజు రెండడుగులు వేసి నీ గడప తొక్కాల్సింది."

"నీదే" అంది అక్క. కాదని అంటుందేమోనని ఆశపడ్డాను, అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. "నాదీ ఉన్నది. బిడ్డ పెండ్లికి రాకపోతి. గది ఇగ ఎట్ల తిరిగొస్తది?"

ఇద్దరం పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాం. ఎండ మా మొహాల మీదికి వచ్చింది. కిందనుంచి బావ చాయ్ కోసం పిలుస్తున్నాడు, రెండు కప్పులా మూడా అని. అక్క నా చెయ్యి పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కిందికి వినపడేలా అరిచింది.

"మూడు వెట్టు. చెల్లె వచ్చింది."