తాళాలు పెట్టగానే లేచిన మనిషి

నేను ఐదో తరగతి దాకానే చదివాను, అదీ పూర్తిగా కాదు. చేపలమ్ముకునే చెయ్యి, పెన్ను పట్టడం అలవాటు లేదు. అక్షరాలు వంకరగా ఉన్నా, ఒత్తులు ఎక్కడైనా పోయినా ఏమీ అనుకోకండి. మా ఊరి ఆశా కార్యకర్త "వదినా, నీకు జరిగింది నువ్వే రాయి, నలుగురికి పనికొస్తాది" అని కూర్చోబెట్టింది.

మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. మా ఆయన ఎర్రన్న బోటు మీద వేటకి వెళ్తాడు. ఆ రోజు అమ్మవారి పండగ మర్నాడు. ఆ ఒక్కరోజు మా ఊళ్ళో ఎవరూ సముద్రంలోకి దిగరు. అది కట్టుబాటు. డప్పులు మోగి మోగి ఆ పొద్దున్న ఊరంతా నిద్రపోతోంది. నేను రాత్రి మిగిలిన మాంసం కూర వెచ్చబెడుతున్నాను. మా ఆయన గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఏదో దొర్లిన చప్పుడైతే తిరిగి చూశాను. టీ గ్లాసు. ఆయన పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

ముఖం తెల్లగా పాలిపోయింది. కళ్ళు పైకి పోయాయి. చేతులు కొట్టుకుంటున్నాయి. నా కేకకి మా అత్త పరిగెత్తుకొచ్చింది.

"ఒసే, సూస్తావేటే! తాళాలు తే, ఇనపవి! బేగి!"

మా దగ్గర ఎవరైనా అలా పడిపోతే గుప్పెట్లో ఇనుము పెడతారు. అత్త తాళాలగుత్తి పెట్టి గుప్పెట మూసింది. అంతలో ఆయన కళ్ళు తెరిచాడు. ముఖం ఎర్రబడింది.

"ఏటైనాది? అలగ సూస్తన్నారేటి?" అన్నాడు.

"సూసినారా, ఇనుము తగిలీసరికి లెగిసాడు. ఫిట్సే" అంది అత్త. చుట్టూ చేరినవాళ్ళూ అదే అన్నారు. ఇనుముకి లొంగింది కాబట్టి ఫిట్స్. నాకూ వేరే ఆలోచన రాలేదు.

విజయనగరంలో డాక్టరు దగ్గర కూడా అత్తే చెప్పింది, "ఫిట్స్ బాబూ, తాళాలెట్టగానే తగ్గిపోనాది" అని. తల స్కానింగ్ తీశారు, ఈఈజీ తీశారు. రెండూ నార్మల్. "నార్మల్ వచ్చినా ఫిట్స్ ఉండొచ్చు" అని మాత్రలు రాశారు. వాటి మత్తుకి మా ఆయన అన్నం కంచం ముందే తూగేవాడు.

అసలు దెబ్బ బోటు దగ్గర తగిలింది. బోటు నడిపే సరంగు నూకరాజు మా ఆయనకి వరసకి బామ్మర్ది. ఇంటికొచ్చి నిలబడే మాట్లాడాడు.

"బావా, కోపమెట్టుకోకు. ఒడ్డునైతే తాళాలున్నాయి. నడి సముద్రంలో నువ్వు పడిపోతే నాను వల సూడాలా, నిన్ను సూడాలా?"

"లంగరున్నాది కదరా, ఇనపదే. గుప్పెట్లో అదెట్టు" అన్నాడు మా ఆయన.

ఇద్దరూ నవ్వారు. నూకరాజు వెళ్ళిపోయాడు. ఆ రోజు మా ఆయన అన్నం తినలేదు. చిన్నప్పటి నుంచీ సముద్రమే. ఇంకో పని చేతకాదు.

మాత్రలు వాడుతుండగానే మళ్ళీ పడ్డాడు. తాళాలు పెట్టాం, లేచాడు. డోసు పెంచారు. ఇంకోసారి బోరింగు దగ్గర పడి తల పగిలింది, కుట్లు వేశారు. తెల్లారిందంటే నాకు భయం. ఆయన వీధిలోకి వెళ్తే వెనకాలే నేను. బుట్ట ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతున్నా మనసు ఇంటి దగ్గరే. ఒళ్ళంతా నీరసం.

ఆ కుట్లు విప్పించడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడ వేరే డాక్టరమ్మ ఉంది. "ఎలా పడ్డాడు?" అంది.

"ఫిట్స్ అమ్మా" అన్నాను.

"జబ్బు పేరు నేను చెప్తాను. నువ్వు చూసింది చెప్పు. పడినప్పుడు ముఖం ఏ రంగులో ఉంది?"

"తెల్లగా అమ్మా, సందువా సేప పొట్టలాగ. లెగిసాక ఎర్రగా అయిపోతాడు."

"లేచాక మత్తుగా ఉంటాడా?"

"లేదమ్మా, ఎంటనే మాటాడతాడు. ఎందుకేడుస్తన్నావని నన్నే తిడతాడు."

"నాడి చూశారా?"

"సేతిలో తాళాలుంటాయి కదమ్మా."

ఆవిడ నవ్వలేదు. మా ఆయన మణికట్టు పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఈసీజీ తీయించింది.

"కంప్లీట్ హార్ట్ బ్లాక్. గుండెకి లోపలి కరెంటు సరిగా అందడం లేదు. ఒక్కోసారి కొట్టుకోవడం ఆగి, మళ్ళీ దానంతటదే అందుకుంటోంది. అందుకే పడుతున్నాడు, లేస్తున్నాడు" అంది.

దానంతటదే. తాళాలు పెట్టకపోయినా లేచేవాడు. ఏదో ఒక రోజు తాళాలు పెట్టినా లేచేవాడు కాదు.

అటునుంచి అటే అంబులెన్సులో విశాఖపట్నం. ముందు తొడ దగ్గర నుంచి గుండెలోకి టెంపరరీ వైరు వేశారు. తర్వాత ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. ఫిట్స్ మాత్రలు మానిపించారు. "ఎడమ చెయ్యి పైకెత్తొద్దు, బరువు లాగొద్దు" అని మరీ మరీ చెప్పారు.

ఇంటికొచ్చాక ఒక పొద్దున్న ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. పెద్దవల లాగుతుంటే మా వాళ్ళు దారిన పోతున్నా తాడుకి చెయ్యేస్తారు. చూస్తూ నిలబడితే తప్పు. మా ఆయన రెండు చేతులూ వేశాడు. మర్నాడు కళ్ళు తిరిగాయి. మళ్ళీ విశాఖపట్నం. "లీడ్ జరిగింది" అని, అంటే పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్ళే వైరు చోటు తప్పిందని, మళ్ళీ కోసి సర్దారు. నేను వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆ తర్వాత ఆయన పడిపోలేదు. రెండేళ్ళు దాటింది. ఒక చెకప్‌లో "వేటకి వెళ్ళొచ్చా?" అని అడిగితే "ఒంటరిగా వద్దు, తాళ్ళు లాగొద్దు" అన్నారు డాక్టరు. నూకరాజుకి ఆ మాట నేనే వెళ్ళి చెప్పాను.

"సుక్కాని బావకిచ్చేస్తాను. తాడు నాను లాగుతానులే, అక్కా" అన్నాడు.

ఇప్పుడు దగ్గర వేటకి వెళ్తున్నాడు. నా అలసట మాత్రం పోలేదు. బోటు కనిపించేదాకా ఒడ్డునే ఉంటాను. ఆయన దిగగానే మణికట్టు పట్టుకుంటాను. "ఒసే, అందరూ సూస్తన్నారే" అంటాడు. చూడనీ.

నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా పడిపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఊపిరీ నాడీ చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ జబ్బు పేరు మీరు చెప్పకండి. కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పండి. ఈసీజీ తీశారా అని అడగండి.

నా రాతలో తప్పులు చాలా ఉంటాయి. చదువు లేని మనిషి చెప్పుకున్న కష్టం అనుకుని మన్నించండి.