ఈఎంఐ పెరిగినందుకు స్తోత్రం

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఆదివారం కూడా మనల్ని సజీవుల లెక్కలో ఉంచిన ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. పంజాగుట్టలో ఆసుపత్రి నర్సుగా పనిచేసే మెర్సీని మీరంతా ఎరుగుదురు, ఆరు నెలల కిందట ఇదే మైకు పట్టుకుని ఏడ్చి, నవ్వి, మీ చేత చప్పట్లు కొట్టించిన మెర్సీని నేనే. ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం తప్పు! తెలిసి అబద్ధమాడలేదు గానీ, తప్పు తప్పే. దేవుని పేరు మీద తప్పు మాట చెప్పి ఊరుకోకూడదని మళ్లీ నిలబడ్డాను. నా గొంతు పెద్దదైతే మన్నించండి, కోపం ఇంకా చల్లారలేదు.

బల్కంపేటలో మేం ఫ్లాటు కొన్న సంగతి మీకు తెలుసు. రెండు గదులు, ఎండ తగలని వంటిల్లు, అయినా ఇరవై రెండేళ్లు అద్దె ఇళ్లలో ‘మీ ప్రార్థనల చప్పుడు ఎక్కువైంది’ అనిపించుకున్న మాకు అదే రాజభవనం. అప్పు పదిహేనేళ్లకు తీసుకున్నాం, మొదటి మూడేళ్లూ ఫిక్స్‌డ్ రేటు, ఆ తర్వాత మార్కెట్ ఎలా ఉంటే అలా. మా ఆయన ప్రభుదాస్ గారిది ఎర్రమంజిల్‌లో కాంట్రాక్టు క్లర్కు పని, పెన్షన్ లేదు, అందుకే ఆయన ఉద్యోగం ముగిసే ఏడే అప్పు కూడా ముగిసేలా గడువు పెట్టుకున్నాం. మూడేళ్లు గడిచాయి. ఫోనుకు ఒక చిన్న మెసేజి వచ్చింది. ఆరు పాయింట్ తొమ్మిది శాతం వడ్డీ కాస్తా తొమ్మిదిన్నర దాటింది! ముప్పై ఒక్క వేల ఈఎంఐకే నెలాఖరులో కూర మానేసి పచ్చడితో సరిపెట్టుకుంటున్నాం, ఇంకా పెరిగితే ఇల్లు నిలుస్తుందా? మూడు శుక్రవారాలు ఉపవాసముండి, “ప్రభువా, ఈఎంఐ ఒక్క రూపాయి కూడా పెరగనివ్వకు తండ్రీ” అని నేలకు నుదురు ఆనించి మొరపెట్టుకున్నాను.

పెరగలేదు! మరుసటి నెల ఎప్పటిలాగే అదే ముప్పై ఒక్క వేలు ఖాతాలోంచి పోయింది. నా ఆనందం పట్టలేక ఇక్కడికి పరిగెత్తుకొచ్చి, దేవుడు బ్యాంకు చేతులు కట్టేశాడని సాక్ష్యం చెప్పాను, కవర్లో కృతజ్ఞతార్పణ పెట్టాను, మీరంతా స్తోత్రం స్తోత్రం అన్నారు.

ఆ రోజు ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర రూతమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. కృష్ణానగర్‌లో ఇస్త్రీ బండి పెట్టుకుని బతికే మన రూతమ్మే. “అక్కా, కిస్తు పెరగలేదంటివి, మంచిగనే ఉన్నది. మరి నెలలు ఎన్ని పెరిగినయో సూసినవా? మా గల్లీల ఫైనాన్సోడు సుత గట్లనే చేస్తడు, కిస్తు ముట్టడు, వారాలు పెంచుతడు” అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. “బ్యాంకుకూ మీ గల్లీ ఫైనాన్సుకూ పోలికేంటి రూతమ్మా? దేవుడు చేసిన కార్యాన్ని అనుమానించకు” అని నలుగురిలో ఆమె నోరు మూయించాను. ఆమె తల దించుకుని వెళ్లిపోయింది.

వెళ్లిపోయింది గానీ, ఆ ప్రశ్న నాతోనే ఇంటికొచ్చింది. మర్నాడు అమీర్‌పేట బ్రాంచికి వెళ్లి లోను స్టేట్‌మెంటు అడిగాను. మిగిలిన వాయిదాలు నూట నలభై నాలుగు ఉండాల్సిన చోట నూట తొంభై ఒకటి అని ఉంది! నలభై ఏడు నెలలు, సహోదరులారా! అంటే మా ఆయన ఉద్యోగం ముగిశాక కూడా దాదాపు నాలుగేళ్లు, జీతం లేని ఇంటి నుంచి పద్నాలుగు లక్షల పైచిలుకు! సంతకం అడగలేదు, మనిషిని పిలిచి చెప్పలేదు. మెసేజిలో ఒక లింకు పెట్టామట, అది నొక్కితే ఆంగ్లంలో పన్నెండు పేజీలట. కౌంటరు దగ్గరి కుర్రాడు నవ్వుతూ, “మీ ఈఎంఐ పెరగలేదు కదా మేడమ్, ఫికర్ ఎందుకు?” అన్నాడు. నేను దేనికి దేవుణ్ణి స్తుతించానో, ఆ మాటే అతను తిప్పి నా మొహాన కొట్టాడు!

ఇంకా వినండి. ఆ కుర్రాడి తల మీదే పెద్ద బోర్డు, కొత్తగా ఇంటి అప్పు తీసుకునేవారికి ఎనిమిది పాయింట్ నాలుగు శాతం అని. మరి మూడేళ్లు ఒక్క రోజు ఆలస్యం చేయకుండా కట్టిన నాకు? “పాత కస్టమర్లకు అది వర్తించదు మేడమ్.” నమ్మకంగా ఉన్నందుకు నాకు పడిన జరిమానా అది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ప్రార్థించాను. “ప్రభువా, మెత్తగా ప్రార్థించడం నాకివాళ చేతకావడం లేదు. వాళ్ల మీద కోపంగా ఉంది. నీ మీద కూడా ఉంది, దాచను. నన్ను నీ ఇంట్లో అందరి ముందూ ఎందుకు నవ్వులపాలు చేశావు? నా ఇల్లు నాకు నిలబెట్టు, లేదా ఎక్కడ తప్పు చేశానో చూపించు” అన్నాను. ఆకాశం నుంచి స్వరం ఏమీ రాలేదు. తల దించుకుని వెళ్లిపోయిన రూతమ్మ మాత్రం కళ్ల ముందు మెదిలింది. ఆ మూడు శుక్రవారాలూ నేను అడిగిందే తప్పని అప్పుడు అర్థమైంది. ఇల్లు నిలబెట్టమని అడగకుండా, ఈఎంఐ పెంచకు అని దేవుడికే షరతు పెట్టాను.

లేచాను. పంజాగుట్టలో ఇంకో బ్యాంకు ఉంటే అడిగాను. అప్పు తాము తీసుకుంటామన్నారు, ఎనిమిది పాయింట్ నాలుగుకే, కానీ పాత బ్యాంకు నుంచి ఇంకా ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఒక్క ఉత్తరానికి ఆరుసార్లు తిప్పారు! సిస్టమ్ పనిచేయడం లేదు, సారు సెలవులో ఉన్నారు, రేపు రండి. ఆరోసారి డ్యూటీ బట్టల్లోనే వెళ్లి, ఉత్తరం చేతికిచ్చేదాకా కుర్చీలోంచి లేవనని కూర్చున్నాను, వచ్చిన ప్రతి కస్టమరుకూ నా స్టేట్‌మెంటు చూపించాను. గంటన్నరలో ఉత్తరం వచ్చింది. సాయంత్రానికి అదే పాత బ్యాంకు నుంచి ఫోను కూడా వచ్చింది, “మేడమ్, మీకోసం స్పెషల్ రేటు అప్రూవ్ చేశాం, వెళ్లకండి” అని. నిన్నటిదాకా వర్తించనిది ఇవాళ ఎలా వర్తించిందయ్యా అని అడిగాను. అన్యాయాన్ని చూసి మన ప్రభువే కోపపడ్డాడు, నేనెంత? ఫోను పెట్టేశాను, అప్పు మార్చేశాను.

ఇప్పుడు మా అప్పు మా ఆయన ఉద్యోగంతో పాటే ముగుస్తుంది. అందుకోసం ఈఎంఐ రెండున్నర వేలు పెరిగింది, అవును, పెరిగింది! నెలకు నాలుగు నైట్ డ్యూటీలు ఎక్కువ చేస్తున్నాను, నడుము నొప్పి పుడుతోంది, అయినా స్తోత్రం. ఏ నెలలో విడుదలో నాకు తెలుసు.

రూతమ్మా, అందరి ముందు నీ నోరు మూయించాను, అందరి ముందే క్షమాపణ అడుగుతున్నాను. సంఘమా, మనం ఇవాళ కట్టుకొచ్చిన చీరలు, తొడుక్కొచ్చిన చొక్కాల్లో సగం ఆమె ఇస్త్రీ చేసినవే. భర్త వైద్యానికి తెచ్చిన ఫైనాన్సు అప్పు ఏడేళ్లుగా వారంవారం కడుతోంది. నన్ను నెలల గురించి అడిగిన ఆమెను, నీకింకా ఎన్ని వారాలున్నాయమ్మా అని మనలో ఒక్కరం అడిగామా? ఆమె వెనక వరసలో కూర్చుంటే ‘దేవుడే చూసుకుంటాడు’ అని చెయ్యి ఊపి వచ్చేశాం!

ప్రియులారా, దేవుణ్ణి నమ్మండి. కోపంతో మొరపెట్టినా ఆయన వింటాడు, మన తప్పుడు ప్రార్థనను కూడా సరిదిద్ది మరీ ఆదుకుంటాడు, మహిమంతా ఆయనకే. రేపు సోమవారం నాకు సెలవు. పొద్దున పదింటికి రూతమ్మతో కలిసి ఆ ఫైనాన్సు ఆఫీసుకు వెళ్తున్నాను, ఆమె ఇంకా ఎన్ని వారాలు కట్టాలో వాళ్లు కాగితం మీద రాసి ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. మాతో ఎవరెవరు వస్తారో ఇప్పుడే చేతులెత్తండి.