నా నెత్తిన ఆగిపోయిన ఒట్టు

మా చిన్నప్పుడు, కోడూరు దగ్గర మా ఊళ్లో, పెద్దలు కూర్చున్నా తెగని తగువుని గంగానమ్మ గుడికి తీసుకెళ్లేవారు. తలస్నానం చేసి, తడిబట్టలతో నిలబడి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి నిజం చెప్పాలి. సత్యం చేయడం అనేవారు...

ఒక ఏడు కాలవకి నీళ్లు సరిగా రాలేదు. మావి కాలవ చివర ఉండే శివారు పొలాలు. నీళ్లకి వంతులు పెట్టుకున్నారు. నీళ్లు పారే బోదె మా నారుమడి పక్కనుంచి బాబాయి మడికి వెళ్తుంది. బాబాయి వంతు నాడు తెల్లారేసరికి నీళ్లన్నీ మా మడిలో ఉన్నాయి. ఆయన మడి నెర్రెలిచ్చి ఉంది.

"బోదె గట్టుకి పీతలు బొక్కలు పెట్టాయి. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు నాన్న, తగువు పెద్దల ముందుకి వెళ్తే.

"పార పట్టుకొచ్చిన పీత ఏదో కాస్త చూపించన్నయ్యా," అన్నాడు బాబాయి.

జనం నవ్వారు. నాన్న నవ్వలేదు. మునసబు గారు సత్యం చెయ్యమంటే సరేనన్నాడు.

మర్నాడు పొద్దున గుళ్లో కర్పూరం వెలిగించాక బాబాయి అడ్డం వచ్చాడు.

"కర్పూరం ఎవడైనా ఆర్పుతాడండీ. పిల్ల నెత్తిన చెయ్యేసి చెప్పమనండి."

ఆ పిల్లని నేనే... మా అమ్మానాన్నలకి ఒక్కదాన్నే.

మా నాయనమ్మ ఒక సంగతి చెప్పేది. వాళ్ల తాతల నాడు ఒకాయన కొడుకు నెత్తిన చెయ్యేసి, గట్టు రాయి జరపలేదని బొంకాడట. ఏడాది తిరక్కుండా ఆ పిల్లాడు పోయాడట. ఆమెకి వాళ్లమ్మ చెప్పింది, మాకు ఆమె చెప్పింది. అది విననివాళ్లు ఆ రోజు గుడి దగ్గర ఎవరూ లేరు.

అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఒరే, ఇద్దరూ నా కడుపునే పుట్టారట్రా?" అంది నాయనమ్మ.

"పిల్లని వదలమ్మా," అన్నారు మునసబు గారు అమ్మతో.

వెళ్లి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన తడిపంచె నీళ్లు నా పాదాల మీద కారుతున్నాయి.

"పీతలే కదా నాన్నా?"

ఆయన నా మొహం చూడలేదు. చెయ్యి ఎత్తాడు... కళ్లు మూసుకున్నాను. నెత్తిన నీటిచుక్క పడింది. చెయ్యి పడలేదు.

కళ్లు తెరిస్తే నాన్న మణికట్టు బాబాయి చేతిలో ఉంది.

"వద్దన్నయ్యా. పీతలే అనుకుంటాలే. పిల్లని అవతలికి పంపు." కోపంగానే అన్నాడు.

కర్పూరం దానంతటదే ఆరిపోయింది.

నాన్న ఇంటికి రాలేదు. తడిపంచెతోనే పార తీసుకుని పొలం వెళ్లాడు. ఆ రోజు మా వంతు. మా మడిలోకి తెరిచే మడవ కట్టేసి, నీళ్లన్నీ బాబాయి మడికి వదిలాడు. తర్వాతి వంతూ అలాగే వదిలాడు. మా నారు సగం ఎండిపోయింది.

ఏడాది తిరిగేదాకా నేను దగ్గితే చాలు, అమ్మ గంగానమ్మకి మొక్కుకునేది. నాకు జ్వరమొస్తే బాబాయి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "పిల్లకెలా ఉంది వదినా?" అని అడిగి వెళ్లేవాడు.

గట్టు తెంచింది పీతలో, పారో... నాన్న పోయేదాకా నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు మాట ముందు ప్రామిస్, మాట వెనక ప్రామిస్ అంటారు. ఎవరికీ ఏమీ కాదు. మొన్న మనవడు ఏదో ఆటకి "నీ మీదొట్టు మామ్మా" అంటూ నా నెత్తి మీదికి చెయ్యి చాపాడు. తెలియకుండానే తల పక్కకి తీసుకున్నాను...

మీ ఊళ్లో సత్యం దేని మీద చేయించేవారు? ఆ చెయ్యి కింద నిలబడ్డవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా...