చేపకు తోడు మొక్క

బందరులో టైలర్ ఇమామ్ సాహెబు ఏ చొక్కా చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. అదే మనిషి ఒక చేప విషయంలో మాత్రం పూట ఆలస్యం చేసి ఎరగడు. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు పాలకాయతిప్పకు షికారు వెళ్తే, బురద మీద గెంతే గుడ్లకళ్ల చేప ఒకటి ఆయన టిఫిన్ క్యారియర్‌లో దూకింది. ఇంటికొచ్చి మూత తీస్తే బతికే ఉంది. పిలవకుండా వచ్చినా అతిథి అతిథేనని కొట్లో గాజు తొట్టె పెట్టించాడు. అందులో ఒక పక్క బురద మిట్ట, ఒక పక్క నీళ్లు. ఆ నీళ్లు అచ్చంగా సముద్రానివీ కావు, కృష్ణవీ కావు, రెండూ కలిసే చోటివి. డబ్బాల్లో బస్సు మీద తెచ్చుకునేవాడు.

చేప తిండి మానేసింది. పచ్చదనం లేక దిగులు పెట్టుకుందని ఆయన తేల్చాడు. చేపకు దిగులేమిటని బజారు వాళ్లమంతా నవ్వాం. కాలవ నాచు వేస్తే ఆ ఉప్పుకు కుళ్లి కంపు కొట్టింది. కలువ తెచ్చి వేస్తే వాడిపోయింది. చివరికి తీరంలో ఉప్పు నేలల్లో మొలిచే ఇలకూర తెచ్చి మిట్ట మీద నాటాడు. చేప దాని నీడన చేరి తిండి తింది. మా నవ్వు ఆగిపోయింది.

ఇంతలో రంజాన్ వచ్చింది. మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ, పక్కనే పుస్తకాల కొట్టు నడిపే నరసింహారావును తన కొట్టు చూస్తుండమనేవాడు. తిరిగొచ్చేసరికి ఇలకూర రోజూ కాస్త బోడిగా కనిపించేది. ఎలుకలనుకుని బోను పెట్టాడు. ఒక్కటీ పడలేదు.

ఒకరోజు నరసింహారావు భార్య వసుంధర వచ్చింది.

"అన్నయ్యగారూ, మా ఆయనకి మీరేవన్నా పెడుతున్నారా? ఉప్పు డబ్బా అటక మీద దాచినా బీపీ దిగట్లేదండీ."

"రోజాలో నేనే ఏమీ తినట్లేదమ్మా, ఆయనకేం పెడతాను?" అంటూ ఇమామ్ సాహెబు తొట్టె వైపు చూశాడు. ఇలకూర వండితే ఉప్పు వేయక్కర్లేదు. ఆకులోనే ఉంటుంది.

ఆయనకు నిజంగా భయమేసింది. మొక్క తీసేస్తే చేప పోతుంది. ఉంచితే నరసింహారావు పోతాడు. బాగా ఆలోచించి, ఉప్పుకు తట్టుకునేదీ మనిషి నమల్లేనిదీ కావాలని, తోలులాంటి ఆకులున్న మడ మొక్క నాటి, సంగతి వసుంధర చెవిన వేశాడు. చేప ఒప్పుకుంది. ఆకు ఒక్కటీ తగ్గలేదు.

ఒకనాడు నమాజు నుంచి తొందరగా వస్తే, నరసింహారావు తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి నాకుతున్నాడు. మడ ఆకు తన ఒంట్లో ఉప్పుని చెమటలా పైకి కక్కుతుందన్న సంగతి ఇమామ్ సాహెబు మరిచిపోయాడు. మొదట కోపం వచ్చింది. తర్వాత, ఇన్నాళ్ల చప్పిడి కూడు తలుచుకుంటే జాలేసింది. గుమ్మం బయటే నిలబడి గట్టిగా దగ్గాడు.

సాయంత్రం వసుంధర మళ్లీ వచ్చి అడిగింది.

"ఇప్పుడు తినట్లేదు కదండీ?"

"రోజాలో ఉండి అబద్ధమాడతానా అమ్మా? ఒక్క ఆకూ తినట్లేదు."