పక్కింటావిడ గోడమీది జనానా

రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయట. వాటిని కాపాడే పనిమీద మా ఆయన రోజూ పొద్దున్నే మేముండే బ్లాక్‌టౌన్‌లో రైలెక్కి వెళ్లిపోయేవారు. ఇంట్లో నేనొక్కదాన్నే. గుంటూరు నుంచి ఈ దేశం వచ్చి ఏడు నెలలైనా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే మనిషి దొరకలేదు. నోరు తుప్పు పడుతుందేమోనని నిజంగానే భయమేసింది.

"ఏందే నీ గోల? డెడ్‌లైన్ నెత్తిమీదుంది. పోయి నైబర్స్‌తో మాట్లాడరాదా?" అన్నారు మా ఆయన.

ఇక్కడ ఎండాకాలం మనకు చలికాలంలో వస్తుంది; నవంబరు ఎండలు మొదలయ్యాయి. అలవాటు కొద్దీ మధ్యాహ్నం కర్టెన్లు మూసి, గచ్చు తడిబట్టతో తుడిచి, తలకింద దిండేసుకుని నేలమీదే పడుకునేదాన్ని. ఒకరోజు నిమ్మకాయలివ్వడానికి వచ్చిన పక్కింటి పెద్దావిడ కర్టెన్ సందులోంచి నన్నలా చూసింది. మర్నాడే టీకి పిలిచింది. ఎగిరి గంతేసి, పట్టుచీర కట్టి, గిన్నెడు సేమ్యా పాయసంతో వెళ్లాను.

టీ పోసి, నా చేతిలో ఒక కాగితం పెట్టింది. మొగుళ్లు బంధించిన ఆడవాళ్లు ఫోన్ చేసే నంబరట.

"మీ ఆయన నిన్ను బయటికి పోనివ్వడు కదూ?" అంది గుసగుసగా.

ఒళ్లు మండింది. పోనివ్వకపోతే నీ సోఫాలో ఎలా కూర్చున్నాను తల్లీ?

"ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాను. ఆవిడ గోడ చూపించింది. ఎప్పుడో ఐరోపాలో వేసిన పాత బొమ్మకు నకలు. పాలరాతి కొలను, చాలీచాలని బట్టల్లో దిండ్లకానుకుని ఆడవాళ్లు, హుక్కా, గుమ్మంలో కత్తి పట్టుకున్న కాపలావాడు.

"మా నాయనమ్మ కాలం నుంచీ చూస్తున్నా. మీ ముస్లిముల ఇళ్లు ఇలాగే ఉంటాయిగా?"

దగ్గరికెళ్లి చూశాను. పదిమంది ఆడవాళ్లలో ఒక్కతీ ఉల్లిపాయ తరగడం లేదు. పిల్లల ఏడుపు లేదు. అన్నిటికన్నా వింత, అత్తగారు లేరు. అలాంటి ఇల్లుంటే నేనే పోయి బందీగా ఉండిపోదును!

"వేసింది మగవాడేనా?"

"అవును."

"లోపలికెవరు రానిచ్చారండీ? మా అత్తగారింట్లో జనానాలోకి, అంటే ఆడవాళ్లం కూర్చునే గదిలోకి రావాలంటే సొంత మరిదైనా గుమ్మం బయట దగ్గాలి. మేం రమ్మనేదాకా దగ్గుతూ నిలబడాల్సిందే."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని బొమ్మకేసి చూసింది.

"అయితే చూడకుండానే వేశాడంటావా?"

"చూసుంటే ఒక్క ముసలావిడైనా ఉండేది."

ఆవిడ ముఖం ఎర్రబడింది. కాగితం మెల్లగా వెనక్కి తీసుకుని, పాయసం ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. తర్వాత తలెత్తి, "మరి ఆ గదిలో మీరంతా ఏం చేసేవాళ్లు?" అని అడిగింది.

ఈ దేశం వచ్చాక, జవాబు తనకు ముందే తెలుసనుకోకుండా ఒక మనిషి నన్నడిగిన మొదటి ప్రశ్న అది. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. చీర కొంగుతో తుడుచుకుని, మా మామగారి గురకను మా తోటికోడలు ఎలా అనుకరిస్తుందో చేసి చూపించడం మొదలుపెట్టాను.