వసుంధర గారు అమ్మజూపిన వ్యాపారం

మొన్న పాలకొల్లులో ఒక పెళ్లి భోజనంలో పూతరేకు నోట్లో పెట్టుకోగానే పాతబడ్డ నెయ్యి వాసన కొట్టింది. వసుంధర గారైతే అలాంటి పూతరేకుల పెట్టెను గడప దాటనిచ్చేవారు కాదు.

ఆవిడది ఆత్రేయపురం. రాజమండ్రిలో ఇంటి ముందుగదిలోంచే ఆన్‌లైన్‌లో పూతరేకులు అమ్మేవారు. వెబ్‌సైటూ ఆర్డర్లూ నేను చూసేదాన్ని. పోయినేడు జబ్బు ముదిరిందని డాక్టర్లు చెప్పాక, వ్యాపారం అమ్మేస్తానన్నారు. నేను కొంటానన్నాను. అమ్మ నుంచి వచ్చిన కాస్త పొలం తప్ప నాకు వేరే ఆధారం లేదు, దాన్నే అమ్మాలనుకున్నాను. ఆ సంగతి ఆవిడకు చెప్పాను.

"చూడమ్మా, ఇవాళ్టి నుంచి నేను అమ్మేదాన్ని, నువ్వు కొనేదానివి. నా మాట నమ్మకు. చూసుకుని కొను," అన్నారు.

మర్నాడే, ఎప్పుడూ కొనేవాళ్లు ఆర్డర్లు చెప్పే తన ఫోను నా చేతికిచ్చి, ఒక నెలపాటు తాను వాళ్లెవరితోనూ మాట్లాడనన్నారు. తాను లేకుండా ఎలా నడుస్తుందో చూడమన్నారు. రేకులు చుట్టే ఆడవాళ్లు వాళ్లే, నెయ్యి అదే, ధర అదే. ఫోన్ చేసినవాళ్లు మాత్రం అమ్మగారు లేరా అని ముందు అడిగేవారు. కూతురి పురుడో, అల్లుడి ఉద్యోగమో ఆవిడకే చెప్పుకోవాలి వాళ్లకి. నాతో రెండు ముక్కలు మాట్లాడి, తర్వాత చేస్తామని పెట్టేసేవారు. నెల తిరిగేసరికి ఆర్డర్లు సగానికి పడిపోయాయి.

అప్పటికి ఆవిడ్ని ఆసుపత్రిలో చేర్చారు. ఈ సంగతి చెప్పడానికి నేను వెళ్లేసరికి బాగా చిక్కిపోయి ఉన్నారు. అబద్ధం చెబుదామనిపించింది. ఏం తేలిందని ఆవిడే అడిగారు.

"వాళ్లు పూతరేకుల కోసం రావట్లేదండి. మీ కోసం వస్తున్నారు. మీరు లేకపోతే అందులో నేను కొనడానికి ఏమీ లేదండి," అన్నాను.

ఆవిడ గోడవైపు తిరిగారు. జీవితమంతా పోసి పెంచుకున్నది తనతోనే పోతుందని నా నోటితో విన్నారు. కాసేపటికి వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు.

"పొలం అమ్మకు," అన్నారు.

విజయవాడ నుంచి ఒకాయన చూడకుండానే కొంటానంటే, నేను తనకు చెప్పిన మాటే ఆయనకూ చెప్పమన్నారు ఆవిడ. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు. వానలు మొదలవకముందే వసుంధర గారు పోయారు. వెబ్‌సైటు నేనే మూసేశాను. రేకులు చుట్టే ఆడవాళ్లు ఊరికి వెళ్లిపోయారు.

ఆ సంగతి ఆనోటా ఈనోటా విని, ఇప్పుడు ఇలాంటి చిన్న వ్యాపారాలు కొనాలనుకునేవాళ్లు నన్ను వెంటబెట్టుకు వెళుతున్నారు. చూసింది చూసినట్టు చెబుతాను. చెప్పాక మాత్రం వెంటనే లేచి రాలేను. వ్యాపారం అమ్మజూపిన మనిషి దగ్గర కాసేపు ఊరికే కూర్చుంటాను.