అన్నిటికంటే లావైనవి

ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. ఊళ్ళో ఎత్తైన భవనాలన్నిటిలోనూ ఆయన్ని లిఫ్ట్ మామయ్య అంటారు. ఆ పేరు పెట్టింది ఆయన మేనకోడలు. మాటలు వస్తున్న రోజుల్లో ఆమె, ఎక్కడ లిఫ్టు తలుపు తెరుచుకున్నా మామయ్య అందులోంచి దిగుతాడని ఎదురుచూసేది. ఆమె నుంచి వాచ్‌మన్లు అందుకున్నారు. వాళ్ళ నుంచి అందరూ.

లిఫ్టు ఎక్కేవాళ్ళు చూడని చోట ఆయన నిలబడతాడు, దాని పైకప్పు మీద. నాలుగు గోడల నిలువు చీకటి, పైన యంత్రం, మధ్యలో వరసగా ఉక్కు తాళ్ళు. లోపలి మనుషుల బరువు మోయడానికి ఒక్క తాడు చాలు. అయినా ఒక్కటే కట్టి ఊరుకోరు. ఎందుకని ఎవరైనా అడిగితే, "రాత్రికి నేను నిద్రపోవాలి కదండీ" అంటాడు.

ఒక్కో తాడునూ అరచేత్తో తట్టి చూస్తాడు. తడితే పుట్టిన వణుకు పైదాకా పోయి మళ్ళీ చేతికి వస్తుంది. అన్ని తాళ్ళలోనూ ఒకేలా తిరిగి వస్తే బిగువు సరిగ్గా ఉన్నట్టు. ఒకటి నెమ్మదిగా వస్తే అది వదులైనట్టు. ఆ సమయంలో ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఆయనతో పాటు పనికి వచ్చే కుర్ర మెకానిక్కు, అందరూ పొడుగు అని పిలిచేవాడు, అప్పుడు నోరు మూసుకుంటాడు. వాడు నోరు మూసుకునేది అప్పుడొక్కటే.

పాట విషయంలో మాత్రం ఆయన మీద చిన్నప్పుడే తీర్పు వచ్చేసింది. బడిలో అందరి చేతా కలిపి పాడించే టీచరమ్మ ఆయన్ని వెనక వరసలోకి పంపి, "నువ్వు పెదవులు కదుపు నాయనా, చాలు" అంది. కోపంగా అనలేదు. ఆయన కదిపాడు. పెద్దయ్యాక కూడా నలుగురూ కలిసి పాడేచోట పెదవులే కదిపాడు. తనలో పాట లేదని నమ్మాడు, తన జుట్టుకు ఉంగరాలు లేవని నమ్మినంత మామూలుగా.

మేనకోడలు పెద్దదై చిన్నపిల్లల బడిలో టీచరైంది. ఆదివారాలు ఇద్దరు స్నేహితులతో కలిసి టైర్ల షాపు మీది గదిలో పాటలు కడుతుంది. ఆమె గిటారు వాయిస్తూ పాడుతుంది. ఒకడు డ్రమ్ములు, ఇంకొకడు బేస్ గిటారు. ఇంతకాలం రెండో గిటారు వాయించిన అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ తన పాత గిటారును, తుప్పు పట్టిన తీగలతో సహా, గదిలో గోడకు ఆనించి వెళ్ళిపోయింది. చూస్తే ఊళ్ళో ఒక హాల్లో కచేరీ ఒప్పుకుని ఉన్నారు.

మేనకోడలు ఆ గిటారు తెచ్చి మామయ్య ఇంట్లో పెట్టింది.

"దీన్ని నువ్వు వాయించాలి మామయ్యా."

"ఇంకెవరూ దొరకలేదా?"

"దొరకలేదు. అందుకే నీ దాకా వచ్చా."

అక్కడే ఉన్న ఆయన అక్క నవ్వింది. "వాడికెందుకే ఈ బాధ? వాడికి తెలిసిన తాళం తలుపుకి వేసేదే."

"అమ్మా, నువ్వు ఊరుకో. మూడే పట్లు. వేళ్ళు మూడు చోట్లకి మారాలి, అంతే. నేను నేర్పుతాగా."

ఆయన ఆలోచించుకుని చెప్తానన్నాడు. కానీ అప్పటికే ఒప్పేసుకున్నాడు. ఒక్కసారి, ఒక్క పాటలోనైనా, నిజంగా చప్పుడు చేసేవాళ్ళలో తనూ ఒకడుగా ఉండాలని ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆ సంగతి భార్యతో కూడా అనలేదు. అంటే కోరిక అవుతుంది. అనకపోతే ఉత్త ఊహ.

తీగలు కొనడానికి ఒక్కడే వెళ్ళాడు. కొనేది ఉక్కుతీగ. అందులో ఒకరి సలహా అక్కర్లేదనుకున్నాడు.

సంగీత సామగ్రి షాపాయన గాజు బల్ల మీద చిన్న చిన్న ప్యాకెట్లు పరిచాడు. ప్యాకెట్టులో ఆరు తీగలు. అన్నిటికంటే సన్నటి తీగ మందమెంతో అదే ఆ ప్యాకెట్టు పేరు. తొమ్మిది, పది, పదకొండు, అలా పైకి.

"కొత్తగా మొదలుపెట్టారా సార్?"

"నిన్ననే."

"అయితే తొమ్మిది తీసుకోండి. మెత్తగా ఉంటాయి, వేలికి లొంగుతాయి. లేదంటే పది."

ఆయన తొమ్మిదో నంబరు తీగను గోటితో తాకి చూశాడు. వెంట్రుకలా ఉంది.

"ఇది తెగదా?"

"తెగుతుంది సార్. ఎప్పుడో ఒకప్పుడు."

ఆ మాట అంత తేలిగ్గా అన్న మనిషిని ఆయన ఇంతకుముందు చూడలేదు. తన పనిలో ఆ మాట గొంతు తగ్గించి అంటారు.

"అన్నిటికంటే లావైనవి ఇవ్వండి."

"పదమూడు ఉన్నాయి. కానీ సార్, అవి బాగా చేయి తిరిగినవాళ్ళు వాడేవి. మీకు వేళ్ళు..."

"తీగలతో నా చేయి ఎప్పుడో తిరిగిందిలెండి. ఇవ్వండి."

షాపాయన ఇచ్చాడు. వద్దన్న కొద్దీ మొండికేసే కొనుగోలుదార్లు ఆయనకు కొత్త కాదు.

ఇంటికి వచ్చి పాత తీగలు విప్పాడు. మందం కొలిచే పరికరంతో కొత్తవాటిని చూసుకుని తృప్తి పడ్డాడు. ఊడి రాకుండా, తీగ బిగించే మీటలకు చుట్టు మీద చుట్టు వేశాడు. అంతా అయ్యాక గుడ్డ మీద చుక్క నూనె వేసి తీగ తీగనూ తుడిచాడు. ఉక్కు తాడుకు నూనె పెట్టకపోతే లోపల్లోపల అరుగుతుంది. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. చిన్న స్క్రూలతో పెద్ద ఓపిక అలవాటు.

"వాయిస్తారా, వేలాడదీస్తారా దాన్ని?" అంది.

"ఇంక ఇది నేను పోయాక కూడా తెగదు" అన్నాడాయన సంతోషంగా.

ఆదివారం టైర్ల షాపు మీది గదిలో మేనకోడలు తన గిటారే ఆయన ఒళ్ళో పెట్టి నేర్పింది. మూడు పట్లు. వేళ్ళు తడబడ్డాయి, తరువాత దారి తెలుసుకున్నాయి. చప్పుడు బొంగురుగా వచ్చింది, కానీ వచ్చింది. డ్రమ్ముల కుర్రాడు తలాడించాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి నడిచి వెళ్ళాడు. బస్సు వచ్చినా ఎక్కలేదు.

ఇంట్లో తన గిటారు తీసి అదే పట్టు పట్టాడు. తీగ కిందకి దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. వేలు నొప్పి పుట్టింది, తీగ టక్కుమని ఆగిపోయింది. మోగలేదు. మరునాడూ అంతే. వారమంతా అంతే. ఆదివారం ఆమె దగ్గర మళ్ళీ వచ్చింది. సోమవారం ఇంట్లో మళ్ళీ పోయింది.

గిటారు తేడా అని ఆయనకు తట్టలేదు. మంచి తీగలు తనవే కదా. తప్పు తనలోనే ఉందనుకున్నాడు. ఆమె పక్కన ఉంటే ఆమె పాట తన చేతిలోకి వస్తోంది. ఒంటరిగా ఉంటే తనలో ఉన్నదేదో బయటపడుతోంది, అంటే ఏమీ లేదని. టీచరమ్మ అప్పుడే కనిపెట్టింది.

పని దగ్గర పొడుగు ఆయన ఎడమచేతి వేళ్ళ మీద ప్లాస్టర్లు చూశాడు.

"ఏంటి గురువుగారూ, అమ్మగారు కూరగాయలు తరగమన్నారా?"

"నోరు మూసుకుని స్పానర్ ఇవ్వు."

"కళ్ళు మూసుకోండి, నేను నోరు మూసుకుంటా."

ఆయన నవ్వలేదు. అది చూసి పొడుగు నిజంగానే నోరు మూసుకున్నాడు.

కచేరీ దగ్గరపడుతుండగా ఆయన మేనకోడలికి ఫోన్ చేశాడు. ఎక్కువ చెప్పలేదు. "నా బదులు ఇంకెవరినైనా చూసుకో అమ్మా. మీ పాట పాడవుతుంది. నాకు హాల్లో వెనక ఒక కుర్చీ ఉంచు, చాలు."

ఆమె ఫోన్లో వాదించలేదు. బడి అయ్యాక తిన్నగా ఇంటికొచ్చింది. అత్త తలుపు తీసి, కళ్ళతోనే లోపల గది చూపించింది. మామయ్య గిటారును సంచీలో పెట్టేసి జిప్పు లాగుతున్నాడు.

"ఒకసారి వాయించి చూపించు. వినే పోతా."

"వినేదేముంది? రాదు."

"సరే, నేనే వాయించి పోతా." సంచీ లాక్కుని గిటారు ఒళ్ళో పెట్టుకుంది. పట్టు పట్టింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ పట్టి, ఈసారి వంగి తీగల్ని చూసింది. వేళ్ళు రుద్దుకుని వాసన చూసింది.

"మామయ్యా, ఇవి తీగలా, లిఫ్టు తాళ్ళా?"

"మంచివే. షాపులో వాటికంటే లావైనవి లేవు."

"ఈ జిడ్డేంటి?"

"నూనె."

ఆమె గిటారు పక్కన పెట్టింది, చేతులు కళ్ళ మీద పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఆయన కంగారుపడ్డాడు. చేతులు తీస్తే నవ్వు. "మామయ్యా, నాకే ఇవి లొంగడం లేదు. నీ వేళ్ళకి ఎలా లొంగుతాయి? నా గిటారుకి ఉన్నవి తొమ్మిది. దాని మీద నీకు పాట వస్తోంది కదా. మరి ఎవరిది తప్పు?"

భార్య గుమ్మంలోంచి అంది: "అదృష్టం, మీ కళ్ళజోడు నేను చూసి తెచ్చాను. లేకపోతే షాపులో అన్నిటికంటే లావు అద్దం అడిగి తెచ్చుకునేవారు."

ఇప్పుడు ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే పాత భయం తల ఎత్తింది. "సన్నవైతే తెగుతాయి కదే."

"తెగితే ఏమవుతుంది?"

తెగితే కింద ఎవరున్నారు, ఏ అంతస్తులో ఉన్నారు, అన్నీ అలవాటుగా ఆయన కళ్ళ ముందు తిరిగాయి. ఏదీ గిటారుకు అతకలేదు.

"తెగితే... తెగుతుంది" అన్నాడు చివరకు.

షాపు మూసేలోగా ఇద్దరూ వెళ్ళారు. షాపాయన ఆయన్ని గుర్తుపట్టాడు, ప్లాస్టర్లనూ చూశాడు, ఏమీ అనకుండా రెండు ప్యాకెట్లు బల్ల మీద పెట్టాడు. తొమ్మిది, పది. ఆయన ఒక్కో చేతిలో ఒక్కొక్కటి పట్టుకున్నాడు. రెండూ దాదాపు గాలి బరువే. మేనకోడలు షాపు చివర్లో ఉన్న పిల్లనగ్రోవుల్ని శ్రద్ధగా చూస్తూ నిలబడింది. పదిని ఆయన బల్ల మీద తిరిగి పెట్టేశాడు. సన్నగా ఉందని ఒక తీగను ఎంచుకోవడం ఆయన బతుకులో అదే మొదలు.

"తొమ్మిది ఇంకో ప్యాకెట్టు కూడా ఇవ్వండి" అన్నాడు వెంటనే.

"అదెందుకు?" అంది మేనకోడలు.

"రాత్రికి నేను నిద్రపోవాలి."

ఇంటికి వచ్చి లావు తీగలు విప్పారు. వాటి లాగుడుకు గిటారు మెడ విల్లులా వంగి ఉంది. తల దగ్గర, చిన్న మూత కింద ఒక నట్టు ఉందనీ, దాన్ని తిప్పితే సర్దుకుంటుందనీ ఆమె చెప్పింది. ఆయన తన పనిముట్ల సంచీ తెచ్చుకున్నాడు. నట్టును కొంచెం తిప్పి ఆగాడు. మళ్ళీ కొంచెం తిప్పి, మెడను కంటి ఎత్తుకు పెట్టి బారు చూశాడు. ఆ పనిలో తొందర ఎరగడు.

కొత్త తీగలు ఎక్కించాక ఆమె శ్రుతి చూపే చిన్న మీటరు బయటికి తీస్తోంది. ఆయన అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలితో ఒక్కో తీగనూ నొక్కి, మీటి, వణుకు తిరిగి రావడం చూస్తున్నాడు. మీట కాస్త తిప్పుతున్నాడు, మళ్ళీ మీటుతున్నాడు. ఆరూ అయ్యాక ఆమె మీటరు పెట్టింది. ముల్లు ఒక్కో తీగ దగ్గరా నడిమి గీతకు కాస్త అటో ఇటో నిలిచింది. ఎక్కడా దూరం పోలేదు.

"ఇదెలా చేశావు?"

"ఏది?"

"చూడకుండా శ్రుతి దగ్గరికి తెచ్చావు."

"శ్రుతి ఎక్కడిది? బిగువు చూశా. ఒక్కోటీ నీ గిటారు మీద ఎంత లాగుతుందో ఇక్కడా అంతే లాగుతోందా లేదా అని. తాళ్ళకి రోజూ చేసేదే."

ఆమె మీటరు పక్కన పెట్టేసింది.

"రోజూ చేసేదే" అంది. "నీకు చెవి లేదని ఎవరు చెప్పారు మామయ్యా?"

ఆయన చెప్పలేదు. టీచరమ్మ మంచి మనిషి. గిటారు తీసుకుని మొదటి పట్టు పట్టాడు. తీగలు వేళ్ళ కింద లొంగాయి. మీటాడు. ఆ చప్పుడు గదిలో నిలబడి, గోడలు తాకి, మెల్లగా తన చేతికే తిరిగి వచ్చింది. పక్కనుంచి ఎవరూ చేయి వేయలేదు. ఆయన మళ్ళీ మీటాడు, అదేనా అని. అదే. వంటింట్లో పంపు ఆగింది. భార్య వింటోంది.

కచేరీ రోజు హాలు నిండలేదు, ఖాళీగానూ లేదు. ముందు వరసలో భార్య, అక్క. వెనక గోడకు ఆనుకుని, కుర్చీలో కాళ్ళు పట్టవని నిలబడి, పొడుగు. మేనకోడలు పాడుతోంది. పక్కన లిఫ్ట్ మామయ్య, ఇస్త్రీ చేసిన పని చొక్కాలో, మూడు పట్లూ వరసగా తిప్పుతున్నాడు. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. వాటిని కదపాల్సిన అవసరం ఆ రోజు లేదు.

ఆఖరి పాట సగంలో అన్నిటికంటే సన్నటి తీగ టప్పుమని తెగింది. ఆయన తల ఠక్కున పైకి లేచింది, హాలు పైకప్పు వైపు. అలవాటు. చేతులు మాత్రం ఆగలేదు. మిగతా తీగలు పాటను మోసుకుపోయాయి. తెగిన కొస దీపాల వెలుగులో మెరుస్తూ ఊగుతోంది. మేనకోడలు అది చూసి నవ్వింది, ఆ నవ్వు మైకులో పడి పాటలో కలిసిపోయింది.

దిగి వచ్చాక అక్క ఎదురొచ్చింది. "బాగా వాయించావురా. మధ్యలో ఏదో తెగినట్టుంది?"

"తెగిందక్కా" అన్నాడాయన. "ఎవరూ కింద పడలేదు."